కథలు చదవాలా, నిజాలు చదవాలా? మా లెక్కల సార్ నోట్‌బుక్‌లో దొరికిన జవాబు

ఈ ఎపిసోడ్‌ని నా తప్పు ఒకటి చెప్పుకుని మొదలుపెడతా.

కొన్ని నెలల కింద శ్రీశైలం డ్యామ్ మీద ఒక ఎపిసోడ్ చేశా. బాగా ప్రిపేర్ అయ్యి చేసిందే. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశాడని, డ్యామ్ పొడవు 512 మీటర్లు, ఎత్తు 145 మీటర్లు అని చెప్పా. కుడిగట్టున 110 మెగావాట్ల యూనిట్లు 7, అంటే 770 మెగావాట్లు. ఎడమగట్టున భూమి లోపల 150 మెగావాట్లవి 6, అంటే 900. ముంపు గురించి కూడా చెప్పా: కృష్ణకు రెండు పక్కలా కలిపి వందకు పైగా ఊళ్లు, దాదాపు లక్ష మంది. ఇంతే. 11 నిమిషాల వీడియోలో ముంపుకి నేనిచ్చిన టైమ్ 9 సెకన్లు. తర్వాత కూర్చుని లెక్కపెట్టా కాబట్టి తెలుసు.

మాది కొల్లాపూర్. నాయిన ఫోన్‌లో ఆ వీడియో మా అవ్వ చూసింది. అవ్వకి ఇప్పుడు డెబ్బై దాటాయి. అంతా విని ఒక్కమాట అంది: "అన్నీ మంచిగ చెప్పినవ్ బిడ్డా. మన ఇల్లు చెప్పలే."

ఆ లక్ష మందిలో మా ఇంటోళ్లూ ఉన్నారు. అవ్వ కాపురానికి వచ్చిన ఊరు నీళ్లలో ఉంది. అది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా 9 సెకన్లే ఇచ్చా.

అదే వారం మా స్కూల్ లెక్కల సార్ ఫోన్ చేశాడు. రిటైరై చాలా ఏళ్లయింది, మన ఎపిసోడ్లన్నీ వింటాడు. "లెక్కలో తప్పేం లేదురా. కాని ఆన్సర్ సగమే రాసినవ్. పదికి ఐదు మార్కులు. ఇంటికి రా, మిగిలిన సగం ఎక్కడుందో చూపిస్తా" అన్నాడు. వెళ్లా. ఈ ఎపిసోడ్ అక్కడ పుట్టిందే.

సార్ నోట్‌బుక్

సార్ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. ఎడమ పేజీలో తను చదివిన నవలలు, కథలు, నాటకాలు. కుడి పేజీలో చరిత్ర, సైన్స్, చట్టాలు, జీవిత చరిత్రలు. పుస్తకం సారాంశం రాయడు. పుస్తకం పేరు కింద ఒక్క ప్రశ్న మాత్రమే రాస్తాడు.

రూల్ చాలా సింపుల్. ఎడమ పక్క కథ చదివితే దాని కింద "ఇట్ల ఎందుకు జరిగింది?" అని రాయాలి. దానికి జవాబు చెప్పే పుస్తకం కుడి పక్క రావాలి. కుడి పక్క చరిత్రో చట్టమో చదివితే దాని కింద "ఇది జరిగినోళ్లకు ఎట్ల అనిపించింది?" అని రాయాలి. దాని జవాబు ఎడమ పక్క రావాలి. ఎదురు పేజీ ఖాళీగా ఉందంటే హోంవర్క్ బాకీ ఉన్నట్టే.

ఈ అలవాటు ఎట్లా వచ్చింది సార్ అని అడిగితే, ఆయన తన రెండు తప్పులు చెప్పాడు.

మొదటిది. సర్వీసులో చేరిన కొత్తలో సార్ నవలలు ముట్టేవాడు కాదు. కథలంటే టైమ్‌పాస్, లెక్కల మాస్టారికి ఎందుకు అనుకునేవాడు. క్లాసులో ఒక పిల్లగాడు నెలల తరబడి రాలేదు. రిజిస్టర్‌లో వరుసగా ఆబ్సెంట్. రూల్ ప్రకారం పేరు కొట్టేశాడు. పాలమూరు లేబర్ అంటే మనకు తెలుసు కదా. పనుల కోసం బొంబాయి, పూణె దాకా పోయిన కుటుంబాలు. ఆ పిల్లగాడు అమ్మానాయినలతో పోయి ఉంటాడని సార్‌కి తెలియక కాదు. "తెలుసు, కాని తెలిసినట్టు కాలేదురా" అన్నాడు. కొన్నేళ్ల తర్వాత ఒక పత్రికలో వలస కూలీల మీద కథ చదివాడట. కథలో చిన్న పిల్లగాడు కట్టే బిల్డింగ్ దగ్గర చెల్లెను ఎత్తుకుని కూర్చుంటాడు. "అప్పుడు యాదికొచ్చింది, నేను కొట్టేసింది ఒక పేరని" అన్నాడు. చెప్తూ కాసేపు ఆగాడు.

రెండో తప్పు దానికి ఉల్టా. ఆ కథ తర్వాత సార్ చాలా ఏళ్లు నవలలే చదివాడు. మనసు మెత్తబడింది, పిల్లల మీద జాలి పెరిగింది. ఆ టైమ్‌లోనే ఇంకో పిల్ల విషయంలో అదే పరిస్థితి వచ్చింది. తల్లిదండ్రులు వలస పోతున్నారు. సార్ బాధపడ్డాడు, బస్టాండ్ దాకా వెళ్లి డబ్బులు కూడా ఇచ్చాడు. కానీ వలస పోయేవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్లు ఉంటాయని ఆయనకు తెలియదు. ఆ సర్క్యులర్ ఎప్పుడూ చదవలేదు. పిల్ల వెళ్లిపోయింది.

"మొదటిసారి రూల్ తెలుసు, మనిషి తెల్వదు. రెండోసారి మనిషి తెలుసు, రూల్ తెల్వదు. రెండుసార్లూ పోయింది పిల్లలే" అన్నాడు.

నేను ఈ ఎపిసోడ్‌లో చెప్పదలుచుకున్నది కూడా ఇదే. కథలు గొప్పవా, నిజాలు గొప్పవా అనే గొడవ కాదు. ఒకటే చదివితే మన దగ్గర సగం ఉంటుంది, ఆ సగమే మొత్తం అనుకుంటాం. ప్రమాదం అక్కడుంది.

మన సాఫ్ట్‌వేర్ వాళ్లకు అర్థమయ్యేలా చెప్తా. సర్వర్ లాగ్ చూస్తే ఎన్ని పేమెంట్లు ఫెయిలయ్యాయో తెలుస్తుంది. కస్టమర్ ఫోన్ చేస్తే, హాస్పిటల్ కౌంటర్ దగ్గర నిలబడ్డప్పుడు ఫెయిలయిందని తెలుస్తుంది. లాగ్ ఒక్కటే చూసేవాడు "రెండు శాతమే కదా" అంటాడు. ఫోన్ ఒక్కటే ఎత్తేవాడు అయ్యో అంటాడు, కానీ బగ్ ఎక్కడుందో వాడికి తెలియదు. బగ్ పోవాలంటే రెండూ కావాలి.

ఒకే పుస్తకంలో రెండూ: కన్యాశుల్కం

సార్ నోట్‌బుక్‌లో ఒక్క పుస్తకం మాత్రం రెండు పేజీల్లోనూ ఉంది. గురజాడ అప్పారావు కన్యాశుల్కం.

నాటకం మనందరికీ తెలుసు. గిరీశం డైలాగులు, మధురవాణి, రామప్పంతులు. చిన్నపిల్లను డబ్బుకి ముసలివాడికి కట్టబెట్టాలని చూసే అగ్నిహోత్రావధాన్లు, పెళ్లికి ఎదురుచూసే లుబ్ధావధాన్లు. 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. ఆ మొదటి ముద్రణకి గురజాడ ఇంగ్లీషులో ఒక ముందుమాట రాశాడు. చాలామంది ఆ పేజీలు తిప్పేసి నాటకంలోకి వెళ్లిపోతారు. సార్ నన్ను అక్కడ ఆపాడు.

విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన ఇలాంటి పెళ్లిళ్ల జాబితా తయారు చేయించాడు. మూడేళ్లలో లెక్కకి వచ్చినవి 1,034. ఆ పెళ్లికూతుళ్లలో 99 మందికి ఐదేళ్లు. అంతకంటే చిన్నవాళ్లు కూడా ఉన్నారు, ఏడాది పిల్లలతో సహా. గురజాడ ఈ లెక్కను ముందు పెట్టి, తర్వాత నాటకం నడిపాడు.

ఎందుకు ఇలా చేశాడో ఒకసారి ఆలోచించండి. 1,034 అనే అంకె మనలో ఎంతమందికి గుర్తుంది? ఎవరికీ లేదు. బుచ్చమ్మ గుర్తుంది, మధురవాణి గుర్తుంది. నూట ముప్ఫై ఏళ్లుగా ఆ దురాచారాన్ని జనం మనసులో ఉంచింది నాటకమే. కానీ అంకె లేకుండా నాటకం ఒక్కటే ఉండి ఉంటే ఆ కాలంలో ఎవరైనా ఏమనేవాళ్లు? "ఎక్కడో ఒకటీ అరా జరిగితే ఈయన కల్పించి నవ్విస్తున్నాడు" అనేవాళ్లు. అంకె ఆ నోరు మూయించింది. కథ "ఇట్ల ఉంటుంది" అని చూపిస్తే, లెక్క "ఇన్నిసార్లు జరిగింది" అని సాక్ష్యం చెప్పింది.

కథల్లోంచి చరిత్ర తీసిన మన జిల్లా మనిషి

ఇది ఎక్కడో విజయనగరం సంగతి అనుకోకండి. మన పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. సురవరం ప్రతాపరెడ్డి. 1896లో పుట్టాడు, గద్వాల వైపు మనిషి. 1926 మే 10న గోలకొండ పత్రిక పెట్టాడు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన అంటే, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి చూపించాడు. 1952లో వనపర్తి నుంచి ఎమ్మెల్యే కూడా అయ్యాడు. ఇవి పోటీ పరీక్షల బిట్లు, చాలామందికి వచ్చు.

అసలు విషయం ఆయన 1949లో తెచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. ఆయన చనిపోయిన తర్వాత, 1955లో, దానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగుకి వచ్చిన మొట్టమొదటి అకాడమీ అవార్డు అదే.

ఆ పుస్తకంలో రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు ముఖ్యం కాదు. మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ దేవుళ్లకు మొక్కారు అన్నది ముఖ్యం. మరి ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి? శాసనాల్లో ఎక్కువగా దానాలు, బిరుదులు ఉంటాయి. గడ్డివాము పక్కన పిల్లలు ఏ ఆట ఆడారో ఏ రాజూ రాయిమీద చెక్కించడు. అందుకే ఆయన కావ్యాల్లోకి వెళ్లాడు. అంటే కల్పనలోకి.

ఉదాహరణకి క్రీడాభిరామం. ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు, కథ అంతే. వాళ్లు తిరిగే వీధుల్లో ఒక పూటకూళ్ల ఇల్లు వస్తుంది. రూక ఇస్తే ఏమేం వడ్డిస్తారో కవి ఊరించి చెప్తాడు. కవి దృష్టిలో అది సరదా పద్యం. చరిత్రకారుడి చేతిలో అదే పద్యం హోటల్ మెనూ, రేటు కార్డు. అలాగే పాల్కురికి సోమనాథుడు భక్తి కథలు చెప్తూ జనం పాడే పదాల పేర్లు, ఆటల పేర్లు వరసగా చెప్పుకుంటూ పోతాడు. ఆయన శివుణ్ని పొగిడాడు, మనకు ఆ కాలం ఊరు దొరికింది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. కవి అన్నాక పెంచి చెప్తాడు. కాబట్టి ఒక్క పద్యం దొరికిందని చరిత్ర రాయలేం. వేరే కవి ఏమన్నాడు, శాసనం ఏమంటోంది, ఇప్పటికీ ఊళ్లో ఆ ఆచారం మిగిలిందా అని పక్కపక్కన పెట్టి చూడాలి. కథల్ని, నిజాల్ని రెంటినీ విస్తారంగా చదివిన మనిషే ఈ పని చేయగలడు. ప్రతాపరెడ్డి స్వయంగా కథలు కూడా రాశాడని మర్చిపోవద్దు.

ఇప్పుడు మా ఇంటి సంగతి

సార్ నాకిచ్చిన హోంవర్క్ ఇది: శ్రీశైలం ముంపుకి కుడి పేజీ ఒకటి, ఎడమ పేజీ ఒకటి నింపుకుని రమ్మన్నాడు.

కుడి పేజీ నాకు ఈజీ అనుకున్నా. అప్పటి భూసేకరణ చట్టం చదివా. 1894 నాటిది. ఇంగ్లీషువాళ్లు చేసిన ఆ చట్టంతోనే మన దగ్గర 2013 దాకా భూములు తీసుకున్నారు. అందులో పరిహారం ఎలా లెక్కకడతారో చూడండి. భూమి కావాలని ప్రభుత్వం మొదటి నోటిఫికేషన్ ఇచ్చిన రోజున ఆ భూమికి మార్కెట్ ధర ఎంతో, అదే లెక్క. ఊరు ఖాళీ చేసేది ఆ తర్వాత ఎన్నేళ్లకైనా కావొచ్చు. ఆలోపు పక్క ఊళ్లలో ధరలు పెరుగుతాయి. పాత ధరతో వచ్చిన డబ్బుకి కొత్త చోట అంత భూమి దొరకదు. ఈ ఆలస్యానికి ఏడాదికి 12 శాతం చొప్పున కలపాలని 1984లో సవరణ వచ్చింది. శ్రీశైలం ఊళ్లు అప్పటికే ఖాళీ అయిపోయాయి.

ఇంకో పదం దగ్గర నేను ఆగిపోయా. సొలేషియం. ఓదార్పు అనే అర్థం ఉన్న మాట అది. అమ్మే ఇష్టం లేని మనిషి దగ్గర బలవంతంగా తీసుకుంటున్నందుకు ధర మీద కలిపే అదనం. అప్పట్లో అది 15 శాతం. 1984 సవరణలో 30 చేశారు. అంటే భూమి ధర 100 రూపాయలైతే, ఊరు పోయిన బాధకి 15 రూపాయలు అన్నమాట. చట్టం బాధను గుర్తించింది, దానికి ఒక పర్సంటేజీ కూడా పెట్టింది. మరి ఆ 15 శాతంలో ఏమేం ఉన్నాయి? ఈ ప్రశ్నకి చట్టం దగ్గర జవాబు లేదు.

దానికే ఎడమ పేజీ కావాల్సి వచ్చింది. సార్ చేతిలో పెట్టింది అమెరికన్ నవల, జాన్ స్టైన్‌బెక్ 1939లో రాసిన ద గ్రేప్స్ ఆఫ్ రాత్. అప్పుడు అక్కడ కరువు, దుమ్ము తుఫాన్లు, బ్యాంకు అప్పులు. ఓక్లహోమా రైతు కుటుంబాలు ఇళ్లు వదిలి కాలిఫోర్నియాకి కూలికి పోయాయి. ఒక సంగతి గమనించండి. స్టైన్‌బెక్ ముందు జర్నలిస్టుగా ఆ కూలీల క్యాంపుల్లో తిరిగాడు. 1936లో శాన్ ఫ్రాన్సిస్కో న్యూస్ పత్రికకి వరసగా ఏడు వ్యాసాలు రాశాడు. కూలి ఎంత, గుడారం ఎట్లుంది, పిల్లలకు ఏం రోగాలొస్తున్నాయి అని. నవల ఆ తర్వాత వచ్చింది. అంటే ప్రతాపరెడ్డి కల్పనలోంచి నిజం తీస్తే, ఈయన నిజంలోంచి కల్పన తీశాడు.

ఆ నవలలో ఒక అధ్యాయం మొత్తం సామాను సర్దడం గురించే. ఏది తీసుకెళ్లాలి, ఏది వచ్చినకాడికి అమ్మాలి, ఏది కాల్చేయాలి. ఇంటి ముసలాయన రానని మొండికేస్తే, మందు కలిపిన కాఫీ తాగించి, మత్తులో ఉండగా లారీ ఎక్కిస్తారు. దారిలో మొదటి రాత్రే చనిపోతాడు.

ఆ పేజీలు చదివి నేను ఫోన్ పక్కన పెట్టేశా. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. మా అవ్వని ఒక్కసారి కూడా ఒక ప్రశ్న అడగలేదని అప్పుడు అర్థమైంది. లేచి వెళ్లి అడిగా: "అవ్వా, ఊరు వదిలిన రోజు ఏమేం తెచ్చుకున్నారు?"

అవ్వ నా ముఖం చూసింది. తర్వాత వేలితో మా ఇంటి ముందు దర్వాజ చూపించింది.

మా కొల్లాపూర్ ఇంటి ముందు దర్వాజ పాత చెక్కది. గడప మందంగా ఉంటుంది, తల వంచి లోపలికి రావాలి. పోయిన ఏడాది ఇంటికి రిపేర్లు చేయించినప్పుడు, "ఇది తీసేసి కొత్తది పెట్టిద్దాం, లుక్ బాగుంటది" అన్నది నేనే. అవ్వ ఒద్దంది. ఎందుకొద్దని ఎవరం అడగలేదు, ముసలోళ్ల చాదస్తం అనుకున్నాం. అది మునిగిన ఊళ్లోని మా ఇంటి దర్వాజ. తాత, ఇంకో ఇద్దరు గోడలోంచి ఊడదీసి బండి మీద తెచ్చారట. ఇసుర్రాయి తెచ్చారు. గడ్డపారలు, బిందెలు తెచ్చారు. ధాన్యం పాతర తేలేరు కదా. వాకిట్లో యాపచెట్టు తేలేరు.

"పక్కింటామె ఇంకో ఊరికి పోయింది. ఇద్దరం ఒక్క పొయ్యి నిప్పులతోనే వండుకుంటుంటిమి. మల్ల ఆమెను సూడలే" అంది. పరిహారం లెక్కలో గోడలుంటాయి, ఎకరాలుంటాయి. ఆ పక్కింటామె ఏ కాలమ్‌లోనూ ఉండదు.

ఆఖర్న ఇంకో మాట అంది: "పైసలు మీ తాత చేతికిచ్చిండ్రు. నన్నెవరూ ఏమీ అడగలే." ఇది విని నేను మళ్లీ కుడి పేజీకి పరుగెత్తాల్సి వచ్చింది. పరిహారం పట్టా ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకు. మన ఊళ్లలో ఆ తరంలో పట్టాలు ఎక్కువగా మగవాళ్ల పేరు మీదే. పొలంలో రోజంతా పనిచేసిన ఆడమనిషి ఆ కాగితాల్లో ఎక్కడా కనిపించదు. అవ్వ ఒక వాక్యంలో చెప్పినదాని వెనక ఇంత వ్యవస్థ ఉంది. చట్టం చదవకపోతే అది "అయ్యో అవ్వా" దగ్గరే ఆగిపోయేది. అవ్వని అడగకపోతే చట్టంలో ఆ లోటు నా కంటికే ఆనేది కాదు.

కొల్లాపూర్ ఒకప్పుడు జటప్రోలు సంస్థానానికి రాజధాని. ఆ వంశంలోనే సురభి మాధవరాయలు చంద్రికా పరిణయం అనే కావ్యం రాశాడు. ఆ పాత జటప్రోలు ఊరు కూడా కృష్ణలో మునిగింది. అక్కడి మదనగోపాలస్వామి గుడిని మాత్రం రాళ్లు విప్పి తెచ్చి, కొత్త చోట మళ్లీ పేర్చి కట్టారు. మంచి పనే, ఇప్పుడు వెళ్లి చూడొచ్చు. అవ్వకి ఈ సంగతి చెప్తే, "మేమూ దర్వాజ తెచ్చుకున్నం గద" అంది.

మరి రీసెర్చ్ ఏమంటోంది?

కథలు చదివితే ఎదుటి మనిషి మనసు బాగా అర్థమవుతుందని సైన్స్ నిరూపించిందని రీల్స్‌లో చెప్తుంటారు. దాని వెనక ఉన్నది 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్, డేవిడ్ కిడ్, ఇమాన్యుయేల్ కస్టానో రాసింది. కొన్ని పేజీల సాహిత్యం చదివించి, వెంటనే మనుషుల కళ్ల ఫొటోలు చూపించి, ఏ భావమో గుర్తుపట్టమన్నారు. స్కోరు కొంచెం పెరిగిందన్నారు. 2016లో వేరే పరిశోధకులు అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి పది నిమిషాలు కథ చదివితే మంచివాళ్లమైపోతామని ఎవరైనా చెప్తే నమ్మకండి.

కథలతో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఒక మంచి నవల చదివితే ఆ ప్రాంతం మొత్తం అలాగే ఉంటుందనుకుంటాం. తెలంగాణ అంటే దొర, గడీ మాత్రమే అనుకునేవాళ్లని చూశా. అలాగే నిజాల పుస్తకాలు కూడా అన్నీ నిజాలు కావు. రాసినవాడు ఏ అంకె తీసుకున్నాడు, ఏది వదిలేశాడు అనేది ఉంటుంది. నా 9 సెకన్ల వీడియోలో ఒక్క అబద్ధం కూడా లేదు, గుర్తుంది కదా.

ఫోన్‌లో ఎలా మొదలుపెట్టాలి?

పుస్తకాలు కొనడానికి డబ్బుల్లేవు అనేవాళ్లకు ముందు ఒక విషయం. మీ ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్ కలిసి ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం పన్ను రూపాయికి 8 పైసలు. అంటే మీ ఊరి లైబ్రరీకి మీ ఇంటోళ్లు ఇప్పటికే డబ్బు కట్టారు. వెళ్లి వాడుకోండి. ఫోన్‌లో అయితే తెలుగు వికీసోర్స్ ఉంది, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు ఉన్నాయి. కన్యాశుల్కం, ఆంధ్రుల సాంఘిక చరిత్ర రెండూ ఉచితంగానే చదువుకోవచ్చు.

రెండోది, జోడీలుగా చదవండి. సార్ నోట్‌బుక్‌లోంచి ఒకటి ఇస్తా. ఎడమ పేజీలో దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్ళు, నిజాం కాలం నాటి తెలంగాణ పల్లె కథ. కుడి పేజీలో తెలంగాణ సాయుధ పోరాటం మీద పుచ్చలపల్లి సుందరయ్య రాసిన పుస్తకం. వెట్టి అనే మాట రెండింట్లోనూ వస్తుంది. ఒకదాంట్లో వెట్టి చేసే మనిషి కనిపిస్తాడు, ఇంకోదాంట్లో వెట్టి నడిచిన పద్ధతి కనిపిస్తుంది. సుందరయ్య ఆ పోరాటంలో నాయకుడు, కాబట్టి ఆయన ఒక పక్క నిలబడి రాశాడనేది గుర్తుపెట్టుకుని చదవండి.

మూడోది, రోజుకి ఇన్ని పేజీలు అని టార్గెట్ పెట్టుకోకండి. ఏడాదికి యాభై పుస్తకాలు అని స్టేటస్ పెట్టడం కోసం చదివితే అదీ ఒక రకం స్క్రోలింగే. నోట్స్ యాప్‌లో రెండు కాలమ్స్ పెట్టుకోండి. ఒక కథ, దాని కింద "ఎందుకు జరిగింది?". ఒక నిజం, దాని కింద "ఎవరికి, ఎట్ల అనిపించింది?". నెలకి ఒక్క జోడీ పూర్తయినా చాలు.

నాలుగోది, ఎదురు పేజీ నింపే పుస్తకం దొరకకపోతే ఇంట్లో అడగండి. మునిగిన మా ఊరి మీద పుస్తకం నాకు దొరకలేదు. అవ్వ దొరికింది.

సార్‌కి నా హోంవర్క్ చూపించా. రెండు పేజీలూ చదివి, పదికి ఎనిమిది వేశాడు. మిగతా రెండు మార్కులు ఎందుకు తీసేశారు సార్ అంటే, "ఆ పక్కింటామె యాడుందో కనుక్కున్నవా?" అన్నాడు. కనుక్కుంటున్నా. నాయిన ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేశాడు, పేరు, అప్పటి ఊరు తెలుసు కాబట్టి దొరకొచ్చు.

శ్రీశైలం ఎపిసోడ్‌కి రెండో భాగం రికార్డ్ చేస్తున్నాం. అందులో నేను తక్కువ మాట్లాడతా, అవ్వ మాట్లాడుతుంది. మీ ఇంట్లో ముంపు చూసినవాళ్లుంటే, ఆ రోజు ఏమేం తెచ్చుకున్నారని ఈ వారమే అడిగి పెట్టుకోండి. ఈలోపు మీ మొదటి జోడీ మొదలుపెట్టేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి, నమస్తే.